పప్పు లేని పోపు

హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ రవీ,

నువ్వు ఇచ్చిన పాత హార్డ్ డిస్క్ ఇంకా బతికే ఉంది! ఇల్లు సర్దుతుంటే అటక మీద దొరికింది. అందులో ఒక ఫోల్డరు, ఎనిమిది పాటలు, పేర్లన్నీ ఖాళీ గళ్ళు. హాస్టల్లో నువ్వు అవి పెట్టినప్పుడల్లా "ఆ పిల్లి గొంతువాణ్ణి ఆపరా" అని గోల చేసేవాణ్ణి, గుర్తుందా?

ఆ గొంతు షింజి సాతోది. బృందం పేరు ఫిష్‌మాన్స్, ఆల్బమ్ 1997లో వచ్చిన 'ఉచూ నిప్పోన్ సెతగాయా'. అంటే అంతరిక్షం, జపాన్, సెతగాయా. వాళ్ళ సొంత స్టూడియో ఉన్న టోక్యో వార్డు సెతగాయా. జపాన్‌లో చిరునామా పెద్ద ఊరితో మొదలై చిన్న వీధికి దిగుతుంది కదా, వీళ్ళు ఏకంగా ఆకాశం నుంచి మొదలుపెట్టారు.

అసలు సంగతి ఇది. అప్పట్లో మనం విన్నది నీ లాప్‌టాప్‌లోని అగ్గిపెట్టెంత స్పీకర్లలో. వాటిలో కింది స్వరాలు పలకవు. వీళ్ళ పాటలకు పునాది రెగే, అంటే జమైకాలో పుట్టిన సంగీతం. అందులో పాటను మోసేదేమో ఆ కింది స్వరాలు పలికే బేస్ గిటారు! మామూలు గిటారు తాళం దెబ్బల మధ్య సందులో చటుక్కున పలికి తప్పుకుంటుంది. మనం ఇన్నాళ్ళూ ఆ చటుక్కులే విన్నాం. పప్పు వదిలేసి పోపు మాత్రం తిన్నట్టు.

నిన్న మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని 'వాకింగ్ ఇన్ ది రిథమ్' విన్నాను. పది నిమిషాలు దాటిన పాట. యుజురు కాషివబారా బేస్ మీద చుట్టి చుట్టి అదే దారిలో నడుస్తుంటాడు, కిన్‌ఇచి మోతెగి డ్రమ్ములు పక్కనే తోడు. వాటి పైన జాక్ అనే సౌండ్ ఇంజినీరు జమైకా డబ్ పద్ధతిలో, అంటే రికార్డు చేసిన పాటను మిక్సింగ్‌లో మార్చే పద్ధతిలో, ప్రతిధ్వనులు వదులుతాడు. ఒక మాట గాల్లోకి లేచి, కరిగిపోతుంది. ఆ పిల్లి గొంతు కూడా ఇప్పుడు తేలికగా, బేస్ మీద కూర్చున్న పిట్టలా ఉంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, సంతోషమేనా?

1991లో మొదటి ఆల్బమ్‌కి మ్యూట్ బీట్ బృందపు ట్రంపెట్ వాద్యకారుడు కజుఫుమి కొదామా నిర్మాత. అది చక్కని రెగే, అంతే. ఈ ఆల్బమ్ వేరే లోకం. తరువాత వాళ్ళు స్టూడియో ఆల్బమ్ చేయలేదు. 1998 డిసెంబర్ 28న, బృందం వదిలి వెళ్తున్న కాషివబారాకు వీడ్కోలు కచేరీ అయింది. మరుసటి మార్చిలో సాతో పోయాడు, ముప్ఫై మూడేళ్ళకు.

ఇంతకీ ఇవి నీకు ఎక్కడ దొరికాయిరా? చివరి పాట 'డేడ్రీమ్' నా కాపీలో సగంలోనే తెగిపోయింది. నీ దగ్గర పూర్తిది ఉంటే వెంటనే పంపు. లాప్‌టాప్‌లో మాత్రం వినకు.

నీ
శ్రీను