రామప్పను చేతులతో, కాళ్ళతో చూపించడానికి సాయం చేసిన మీ అందరికీ

పోయిన నెల హైదరాబాద్ నుంచి చూపులేని కాలేజీ పిల్లలు పదిహేను మంది దాకా రామప్ప గుడికి వచ్చి వెళ్ళారు. పొద్దున దిగినవాళ్ళు సాయంత్రం దాకా ఉన్నారు, వెళ్తూ వెళ్తూ మళ్ళీ ఎప్పుడు రావచ్చని అడిగారు. ఆ రోజు అంత బాగా జరిగిందంటే అందులో నా గొప్ప చాలా తక్కువ. మీకందరికీ ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను కానీ, ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు కదా, అందుకే ఇలా రాస్తున్నా. పేర్లు పెట్టడం లేదు, ఇద్దరు ముగ్గురు వద్దన్నారు. ఎవరి సంగతో చదివితే మీకే తెలిసిపోతుంది.

నన్ను తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను పాలంపేటలో గైడ్‌ని. ఆదివారాలు, కార్తీక మాసం, శివరాత్రి, ఇవే మాకు సీజన్. 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చాక మామూలు రోజుల్లో కూడా కాస్త జనం వస్తున్నారు. వచ్చినవాళ్ళలో సగం మంది "ముఖ్యమైనవి చూపించు తమ్ముడూ, మళ్ళీ లక్నవరం పోవాలి" అని గడియారం చూసుకుంటూ తిరుగుతారు, వాళ్ళని ఏమీ అనలేం. మిగతా సగంలో మాత్రం అప్పుడప్పుడు నాకే పాఠం చెప్పి పోయేవాళ్ళు తగులుతారు. అలాంటివాళ్ళ నంబర్ అడిగి తీసుకుంటా. నా ఫోన్‌లో "రామప్ప ఇంజనీరు సార్", "రామప్ప పేరిణి మేడమ్", "రామప్ప బెంగళూరు టీచరమ్మ", ఇలా ఉంటాయి పేర్లు (పేరిణి అంటే కాకతీయుల కాలం నాటి నాట్యం). పిల్లల్ని తీసుకొస్తామని వాళ్ళ లెక్చరర్ ఫోన్ చేసినప్పుడు రండి మేడమ్ అని ధైర్యంగా అనేశాను గానీ, ఆ రాత్రి నిజంగా టెన్షన్ పట్టుకుంది. నేను చూపించేదంతా పైకి వేలెత్తి చూపించేదే. మదనికలు, అంటే చూరు కింద నిలబెట్టిన ఆడవాళ్ళ శిల్పాలు, అంత ఎత్తున ఉంటాయి, ఒకామె కాలికి హైహీల్స్ లాంటి చెప్పులు ఉంటాయి, ద్వారం పక్కన నల్లరాతిలో సూది మాత్రమే దూరేంత సన్నని రంధ్రాలు ఉంటాయి. ఇవన్నీ ఆ పిల్లలకు ఎలా అందించాలి? తెల్లారి ఆ నంబర్లన్నీ వరసగా కొట్టుకుంటూ పోయాను.

మొదట బెంగళూరు టీచరమ్మ. ఈమె చెల్లెలితో కలిసి గుడికి వచ్చారు, టీచరమ్మకీ చూపు లేదు. ఫోన్‌లో గంటకు పైగా క్లాసు పీకారు, నేను నోట్సు రాసుకున్నా. చేయి పట్టుకుని లాక్కుపోవద్దు, నీ మోచేయి పైన వాళ్ళనే పట్టుకోనివ్వు, నువ్వు అరడుగు ముందు నడువు. మెట్లొస్తే ఆగు, ఎక్కేవో దిగేవో చెప్పు. అక్కడ ఇక్కడ అంటే ఎక్కడని వాళ్ళు అనుకోవాలి, గడియారం అంకెల లెక్కన చెప్పు, నంది వైపు వీపు పెట్టి నిలబడితే గుడి పన్నెండు గంటల వైపు, అలా. ముందు మొత్తం ఎంత పెద్దదో చెప్పి, తర్వాత ఆకారం చెప్పి, నగిషీ సంగతి ఆఖరికి తీసుకురా, నువ్వు తిన్నగా చెప్పుల దగ్గరికి పోతే ఆ చెప్పులు వేసుకున్న మనిషే వాళ్ళ మనసులో ఉండదు. ఇంకొకటి, గొంతులో జాలి పెట్టావంటే మర్యాదగా ఉండదు, అన్నారు. అమ్మా, ఆ నోట్సు ఇప్పటికీ నా జేబులోనే ఉంది, కళ్ళున్నవాళ్ళకి కూడా అదే వరసలో చెప్తున్నా, వాళ్ళకీ బాగా ఎక్కుతోంది.

తాకే విషయం అంత సులువు కాదని మీలో చాలామందికి తెలుసు. ఇది పురావస్తు శాఖ రక్షిత కట్టడం, శిల్పాల మీద చేతులు వేయకూడదు. నాకు ఆ నియమం మీద కోపమేమీ లేదు, వచ్చిన ప్రతివాళ్ళూ తలొక చేయి వేసి రుద్దితే ఎనిమిది వందల ఏళ్ళ నగిషీ ఎన్నాళ్ళు నిలుస్తుంది? అక్కడి సార్లని ముందే కలిసి అడిగితే, శిల్పాలు వద్దు, అరుగు అంచులు, మెట్లు, కూర్చునే రాతి బల్లలు పర్వాలేదు అన్నారు. అంటే మిగతావన్నీ చేతికి అందేలా బయట మనమే తయారు చేసుకోవాలి. మీరంతా దిగింది ఇక్కడే.

ఖమ్మం డ్రాయింగ్ మాస్టారు గుడి ప్లాను మందపాటి అట్ట మీద జనపనార తాడు అంటించి పంపారు. నక్షత్రం ఆకారంలో అరుగు, మూడు వైపులా ద్వారాలు, మధ్యలో నాలుగు స్తంభాలు, తూర్పున నంది, అన్నీ వేళ్ళతో తడిమి తెలుసుకునేలా. పక్కన బ్రెయిలీలో పేర్లు కొట్టించి ఇచ్చింది హైదరాబాద్ అక్క, అది కూడా రెండు రోజుల్లో.

ఇంజనీరు సార్ రెండు ప్లాస్టిక్ టబ్బులు కారులో వేసుకుని వరంగల్ నుంచి వచ్చారు. ఒకదాంట్లో అడుగున సిమెంటు పోసి గట్టి చేశారు, ఇంకోదాంట్లో ఇసుక. రెండింటి మీదా చెక్క ముక్కలు పేర్చి పిల్లల్ని టబ్బు ఊపమన్నారు. గట్టి నేల మీదవి టపటపా పడ్డాయి, ఇసుక మీదవి కాస్త కుంగి నిలబడ్డాయి. రామప్ప పునాది గోతిని ఇసుకతో నింపి కట్టిన తీరు ఇదే, భూమి కదిలితే ఆ కదలికను ఇసుక మింగేస్తుంది, పైన రాళ్ళ దాకా పూర్తిగా రానివ్వదు అని ఆయన చెప్తుంటే పిల్లలు మళ్ళీ మళ్ళీ ఊపారు. ఆ శాండ్ బాక్స్ సంగతి నేను ఎన్నేళ్ళుగానో చెప్తున్నా, ఒక్కరు కూడా రెండో ప్రశ్న వేసింది లేదు. ఆ రోజు టబ్బుల దగ్గర నుంచి కదిలించడానికి నా తాతలు దిగొచ్చారు.

ఇటుక సంగతి ఇంకా బాగుంది. గుడి శిఖరం నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారని అందరికీ తెలుసు, కింద బరువైన రాయి, పైన బరువు లేని ఇటుక. కానీ అవి శిఖరం మీద ఉన్నాయి, పిల్లల చేతికి ఎలా వస్తాయి? మా దగ్గరి ఊళ్ళో కుమ్మరి తాతని అడిగితే మట్టిలో ఊక కలిపి ఆవంలో కాల్చి చూద్దాం అన్నాడు. మొదటిది బకెట్‌లో వేయగానే మునిగింది. ఊక పెంచి మళ్ళీ కాల్చితే తేలింది గానీ, చేతిలో పట్టుకుంటే పొడి రాలుతోంది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి "తేలుడు పెద్ద పని కాదు బిడ్డా, తేలుకుంటనే బరువు మొయ్యాలె గదా, అది ఆళ్ళకే తెలుసు" అన్నాడు. ఆ మాట అలాగే పిల్లలకి చెప్పా. ఒక చేతిలో మామూలు ఇటుక, ఇంకో చేతిలో తాత ఇటుక పెట్టాక, శిఖరం అంతా రాతితో కట్టి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పాల్సిన పనే లేకపోయింది.

పేరిణి మేడమ్ హనుమకొండ నుంచి ఇద్దరు శిష్యురాళ్ళతో వచ్చారు. మదనిక ఎలా నిలబడిందో మాటల్లో ఎంత చెప్పినా తేలదు, నడుము ఒక వైపు, తల ఒక వైపు, మోకాలు ఇంకో వైపు. వాళ్ళే ఆ భంగిమలో నిలబడి, ఆడపిల్లల్ని తమ భుజం, మోచేయి, మోకాలు తాకి చూడమన్నారు, తర్వాత పిల్లల్నే అలా నిలబెట్టారు. ఒకమ్మాయి పడబోయి నవ్వేసి "ఈవిడ ఎనిమిది వందల ఏళ్ళుగా ఇలాగే ఉందా, కాళ్ళు నొప్పి పుట్టవా" అంది. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప 'నృత్తరత్నావళి' రాశాడనీ, ఆ పుస్తకాన్నీ రామప్ప శిల్పాల్నీ పట్టుకుని నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్ళీ బతికించారనీ మేడమ్ చెప్తూ గజ్జెలు చేతికిచ్చారు. మగపిల్లలు ఆ గజ్జెలు కట్టుకుని అరుగు కింద చేసిన గోల వేరే రాయాలి.

ఇక పిల్లలు నాకు నేర్పింది. చెప్పులు విప్పి అరుగు చుట్టూ నడుస్తున్నాం, అంచు వెంట తెల్లకర్ర ఆనిస్తూ. సగం తిరగకముందే ఒక అబ్బాయి, ఇది గుండ్రం కాదన్నా, నలుపలకా కాదు, మూలలు మూలలుగా వస్తోంది, అట్ట మీద తాడు కూడా ఇలాగే తిరిగింది అన్నాడు. లోపల మండపంలోకి వెళ్ళాక అదే అబ్బాయి ఆగిపోయి నేల ఇటు దిగుతోందేంటి అన్నాడు. అక్కడ రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్న మాట నిజమే, పాత భూకంపం దెబ్బ అని చెప్పుకుంటాం. నేనైతే ఎప్పుడూ తల పైకెత్తించి దూలాలే చూపిస్తా, కింద నేల ఎంత కదిలిందో, ఇంత కదిలినా పైన గుడి ఎలా నిలబడిందో వాళ్ళు అరికాళ్ళతో పట్టేశారు. ఇప్పుడు ఎవరొచ్చినా అక్కడ ఒక నిమిషం మాట్లాడకుండా మెల్లగా నడవమంటున్నా. ఇంకొకడు నాలుకతో టక్ టక్ అని చప్పుడు చేసుకుంటూ మధ్యలో కప్పు మారిందని చెప్పాడు. ఒకమ్మాయి నూనె, పూల వాసన పట్టి గర్భగుడి దగ్గరికి వచ్చేశామా అంది, నేను ఇంకా చెప్పనే లేదు.

ప్రశ్నలు కూడా గట్టివే వేశారు. రామప్ప అనే ఆయన నిజంగా ఉన్నాడా అని ఒకమ్మాయి నిలదీసింది. గుడి కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213 నాటి శాసనం చెప్పేది అదీ, రామప్ప శిల్పి పేరన్నది తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న మాట అన్నాను. "అయితే కట్టించినాయన రాతిలో ఉన్నాడు, చెక్కినాయన జనం నోట్లో ఉన్నాడు" అంది. టూరిజం వాళ్ళు వింటే బోర్డు మీద రాసుకుంటారు.

చూపులేనివాళ్ళకి గుడి చూపించడమేంటని నవ్విన పెద్దమనిషి ఒకరున్నారు, ఆయన సంగతి వదిలేద్దాం. ములుగు నుంచి గుడి దాకా డీజిల్ డబ్బులకే తిప్పిన ఆటో అన్నలకి, మధ్యాహ్నం అందరికీ పప్పు, అన్నం, పచ్చి పులుసు వండి పెట్టిన మా వాడకట్టు అక్కలకి, ఫొటోల కోసం అడ్డం నిలబడకుండా పక్కకి తప్పుకున్న నిజామాబాద్ కుటుంబానికి కూడా దండాలు.

తాడు ప్లాను, టబ్బులు, ఇటుకలు అన్నీ గుడి బయట టీ కొట్టులో భద్రంగా ఉన్నాయి. చూపులేనివాళ్ళని ఎవరు తీసుకొచ్చినా రెండు రోజుల ముందు చెప్తే చాలు. కన్నడ పిల్లల బ్యాచ్ ఒకటి రావాలనుకుంటోంది, బ్రెయిలీ పేర్లు కన్నడలో కావాలి, చేసి పెట్టగలవాళ్ళు ఉంటే చెప్పండి. కుమ్మరి తాత ఇటుకలకి డబ్బులిస్తే తీసుకోలేదు, ఎంత బతిమాలినా తీసుకోలేదు. ఈసారి మీరు వచ్చినప్పుడు ఆయన దగ్గర ఒక కుండో కూజానో కొనుక్కుని పోండి, బేరం మాత్రం ఆడొద్దు.