ముందు రెండు, వెనక నాలుగు

కేటీ, టెక్సస్
ఆదివారం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందు క్షమించెయ్, తిట్లు ఫోన్లో తిడుదువుగాని. ఇక్కడ అందరం బాగున్నాం. పాప ఐదో తరగతికొచ్చింది, నీ చెల్లెలు ఆఫీసు మారింది, నాన్న కంటి ఆపరేషన్ బాగానే జరిగింది. మిగతా కబుర్లు తరవాత. ఒక్క విషయం నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

బండి దించేశాం బావా!

ఏ బండంటావేమో, నువ్వు ఫోటో చూసి "పచ్చ అంబాసిడర్‌కి తమ్ముడు" అన్నావే, అదే. 1996 షెవ్రోలె సి1500 పికప్, సింగిల్ క్యాబ్, 5.7 లీటర్ల వీ8 ఇంజను (ఎనిమిది సిలిండర్లది). ఈ రకం బళ్లని ఇక్కడ అందరూ ఓబీఎస్ అంటారు, పాత బాడీ అని. టెక్సస్‌లో మెక్సికన్ కుర్రాళ్లకి ఇవంటే ప్రాణం. కొనగానే నేలకి దించి, తళతళా తుడిచి, సాయంత్రాలు మెల్లగా తిప్పుతుంటారు. మనం ఆటోనగర్‌లో చూసిందంతా దీనికి తలకిందులు కదా! అక్కడ లారీకి ఇంకో కమాను పట్టీ వేయించి ఎత్తు పెంచేవాళ్లు. ఇక్కడ ఎత్తు తగ్గించడానికి డబ్బులు పోసి కిట్లు కొంటారు. నేనూ కొన్నాను. ముందు రెండంగుళాలు, వెనక నాలుగు. కంపెనీ నుంచి వచ్చినప్పుడే ఈ బండికి వెనక భాగం ఎత్తుగా ఉంటుంది, బరువు వేస్తే కిందికి దిగాలని. అందుకే వెనక ఎక్కువ దించితేనే బండి సమంగా కూర్చుంటుంది.

పక్కింటి పెద్దాయన సాయం పట్టాడు. ఆయన కుర్రప్పటి నుంచీ ఈ పనే. మొదటి రోజే ఒక మాట ఖాయం చేసుకున్నాం: స్ప్రింగు కొయ్యకూడదు. చవగ్గా అయిపోతుందని చాలామంది ముందు కాయిల్ స్ప్రింగులో ఒక చుట్టు కోసేస్తారు. బండి దిగుతుంది నిజమే, కానీ స్ప్రింగు గట్టిపడిపోతుంది, గుంత వస్తే నడుం విరుగుతుంది. మేం స్పిండిల్ మార్చాం, అంటే ముందు చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ. చక్రం తిరిగే ఆ ఇరుసు ముక్కని కొత్త స్పిండిల్‌లో రెండంగుళాలు పైకి జరిపి చేస్తారు. చక్రం పైకెళ్తుంది, బండి కిందికొస్తుంది. స్ప్రింగు కంపెనీదే, స్పిండిల్‌ని ఫ్రేముకి కలిపే కంట్రోల్ ఆర్ముల కోణం కూడా మారదు. ఎంత తెలివైన ఉపాయమో చూడు!

కానీ స్పిండిల్ విప్పేటప్పుడు ప్రాణం గొంతులోకొచ్చింది బావా. స్ప్రింగు బయటికి తియ్యక్కర్లేదు, నిజమే. అయితే స్పిండిల్‌ని ఆర్ములకి పట్టి ఉంచే బాల్ జాయింట్లు రెండూ విడిపోయాక ఆ స్ప్రింగు బలమంతా కింది ఆర్ము కింద పెట్టిన జాకీ మీదే ఆగుతుంది. జాకీ జారిందో, అంతే. స్ప్రింగుకి గొలుసు చుట్టి ఫ్రేముకి కట్టాం. ఛాసిస్ కింద స్టాండ్లు. నట్లు పూర్తిగా తియ్యకుండా నాలుగైదు చుట్లు వదులు చేసి, పెద్దాయన బాల్ జాయింటు మీద కాకుండా దాని పక్కన స్పిండిల్ మీద సుత్తితో కొట్టాడు. ఒకటి, రెండు, ఏమీ లేదు. ఇంకోటి కొట్టాడో లేదో "ఠాప్" మని ఊడింది! నట్టు ఆపింది కాబట్టి సరిపోయింది. మావయ్య గుర్తొచ్చారు. "జాకీ ఎత్తడానికిరా, మొయ్యడానికి కాదు" అని ఎన్నిసార్లు అనేవారు మనల్ని... ఆ రోజు లారీ కింద ఆయన... సరే, అది ఇప్పుడొద్దులే.

బ్రేక్ క్యాలిపర్ని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాం. బేరింగులు కడిగి కొత్త గ్రీజు పట్టించాం. ఆ పని మొత్తం నేనే చేశా, అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు అంచుని దాంట్లోకి గుచ్చుతూ, పై నుంచి గ్రీజు బయటికొచ్చేదాకా. మావయ్య నేర్పిందే.

ఇక వెనక. అసలు కష్టమంతా అక్కడే. కమాను కట్ట ముందు కొసని పట్టుకునే హ్యాంగరు ఫ్రేముకి రివిట్లతో బిగించి ఉంటుంది. 1996 నాటి రివిట్లు! ఎడమవైపు హ్యాంగరుకి దగ్గర్లోనే పెట్రోలు ట్యాంకు. గ్రైండరు పెడితే నిప్పురవ్వలు. అందుకని పెట్రోలు అడుక్కొచ్చేదాకా బండి తిప్పి, ట్యాంకు దించి, వీధి చివరికి మోసుకెళ్లి పెట్టాకే రివిట్ల జోలికి వెళ్లాం. తలకాయలు గ్రైండరుతో అరగదీసి, పంచ్ పెట్టి సుత్తితో బాదితే తప్ప కదల్లేదు. ఒక్కో రివిట్టూ ఒక్కో యుద్ధం. వాటి స్థానంలో గట్టి బోల్టులు పడ్డాయి. కొత్త హ్యాంగర్లు, కమాను వెనక కొసని పట్టుకునే షాకిల్సు కలిసి నాలుగంగుళాలు. పదమూడు నంబరు పానా ఇక్కడా మాయమైంది, ఎవరు తీశారో నీకు తెలుసు!

ఇంకో సంగతి, ఇది నువ్వు మీ వాళ్లకీ చెప్పు. కమాను కొసల బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే లోపలి రబ్బరు బుష్ మెలితిరిగి ఉండిపోయి తొందరగా చిరిగిపోతుంది. చాలామంది ఇది పట్టించుకోరు, ఆర్నెల్లకే కిరకిరమంటుందని ఏడుస్తారు.

జాకీ దించిన క్షణం చెప్పాలి. బండి మెల్లగా దిగి, ఫెండరుకీ టైరుకీ మధ్య చెయ్యి దూరేంత సందులో ఆగింది. పెద్దాయన ఏమీ అనలేదు, బోనెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు. నేనైతే అరిచేశా! మరుసటి రోజు అలైన్‌మెంట్ చేయించా, స్పిండిల్ మార్చాక అది తప్పనిసరి. తరవాత ఐ-10 హైవే మీదకి తీసుకెళ్లా. బావా, ఎంత కుదురుగా వెళ్తోందో! మలుపులో ఒరిగిపోవడం బాగా తగ్గింది, గుంతల్లో మాత్రం పాత మెత్తదనమే. స్ప్రింగు కొయ్యనందుకు ఇది ఫలితం. వెనక ఎక్కువ దిగింది కాబట్టి హెడ్‌లైట్ల వెలుగు మాత్రం పైకి లేచింది, గోడ మీద గీత గీసి మళ్లీ సెట్ చెయ్యాలి.

వెనక షాక్ అబ్జార్బర్లు ఎందుకు పొట్టివి వేశామో, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం ఎలా చూశామో ఇంకా... అమ్మో, పాపని ఈత క్లాసు నుంచి తీసుకురావాలి, టైమైపోయింది. అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పు. ఫోటోలు రాత్రికి పంపిస్తా.

నీ బావ