కణుపు లేని ఆకులు గుచ్చి అమ్మిన మనీప్లాంట్ కుండీలపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మార్బుల్ క్వీన్ వేలాడే కుండీలు – డబ్బు వాపసు గురించి

అయ్యా,

మాది అమలాపురం. వరండాలో వేలాడదీయడానికి మీ దగ్గర తెలుపు, ఆకుపచ్చ కలిసిన మార్బుల్ క్వీన్ మనీప్లాంట్ కుండీలు నాలుగు తెప్పించుకున్నాను. కడియం నర్సరీలు మాకు అందుబాటులోనే ఉన్నాయి. అయినా ‘బాగా వేళ్లూనిన తీగలు, కుండీతో సహా’ అని మీరు రాసింది నమ్మి ఎక్కువ ధర పెట్టాను.

వచ్చినప్పుడు గుబురుగా, ముచ్చటగా ఉన్నాయి. తీగలు ఎగబాకే వానాకాలంలో కూడా రెండు కుండీల్లో ఒక్క చిగురూ రాలేదు. మట్టి తవ్వి చూస్తే అక్కడ తీగే లేదు. ఆకుల్ని కాడలతో కోసి, వరసగా గుచ్చారు. కాడల అడుగున వేళ్లు వచ్చాయి, నిజమే. కానీ మనీప్లాంట్ చిగురు వేసేది కణుపు దగ్గరే, అంటే తీగకు ఆకు కాడ అతుక్కునే చోటే. కణుపు లేని ఆకు నెలల తరబడి నిగనిగలాడుతుందే గానీ ఎప్పటికీ తీగ కాదు. మొక్కల వ్యాపారం చేసే మీకు ఇది తెలియదంటే నేను నమ్మను. కొన్నవాళ్లేమో నీళ్లు చాలలేదా, వెలుతురు చాలలేదా అని టెన్షన్ పడుతూ ఉంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

మిగతా రెంటిలో తీగలున్నాయి గానీ కుండీలకు చిల్లుల్లేవు. నింపింది జిగట మట్టి. మా వైపు ముసురు పట్టిందంటే అలాంటి మట్టి ఓ పట్టాన ఆరదు, వేళ్లు కుళ్లిపోతాయి. దానికి తోడు మీ కార్డులో ‘రోజూ నీళ్లు, నేరుగా ఎండ’ అని రాశారు. ఆకులో తెల్లగా ఉన్నచోట పత్రహరితం దాదాపు ఉండదు, మండే ఎండకు ముందు మాడేది అదే. అలాగని చీకటి మూలలో పెడితే కొత్త ఆకుల్లో తెలుపు తగ్గిపోతుంది. ఎండ తగలకుండా వెలుతురు బాగా వచ్చే చోట పెట్టి, పైమట్టి ఆరాక నీళ్లు పోయమని రాస్తే సరిపోయేది.

మీ కాల్ సెంటర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ‘ప్రాణమున్న మొక్క కదండీ, రిఫండ్ రాదు’ అంది. నా ఫిర్యాదు మొక్క చచ్చిపోయిందని కాదు, తీగ అని చెప్పి ఆకులు అమ్మారని.

ఆ రెండు కుండీల డబ్బు పూర్తిగా వాపసు చేయండి. మిగతా రెంటికీ చిల్లులున్న కుండీలు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన మట్టి పంపండి. బిల్లు, ఫొటోలు జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, అవసరమైతే అదీ చేస్తాను. ఈలోగా మీ దగ్గరున్న స్టాకులో కణుపు లేని ఆకులు గుచ్చిన కుండీలన్నీ అమ్మకం నుంచి తీసేయండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
అమలాపురం