ఇకనుంచి మా లైట్ల కొట్లో ఏం దొరుకుతాయి, ఏం దొరకవు

"ఇప్పుడంతా ఎల్‌ఈడీలే కదా, మీ పంట పండినట్టే!" అని ఈ మధ్య చాలామంది అంటున్నారు. ఉన్నమాట చెప్తాను. మామూలు బల్బుల మీద ఇక కొట్టు నడవదు. 2015లో ఎల్‌ఈడీ బల్బులు చౌకగా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకం వచ్చాక ధరలు బాగా పడిపోయాయి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు 9 వాట్లకే వస్తోంది, తొందరగా మాడదు కూడా. మీకు మంచిదే. మాకే మళ్లీ మళ్లీ వచ్చే బేరం పోయింది.

ప్రస్తుతం మాకు అన్నం పెడుతున్నది ఫాల్స్ సీలింగ్ లైట్లు. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్లు కొనుక్కున్న మనవాళ్లు హాలుకే డజను పెట్టిస్తున్నారు. ఆరిపోయిందని తెచ్చిన లైటు విప్పి చూస్తే, చాలాసార్లు ఎల్‌ఈడీ చుక్కలన్నీ బాగానే ఉంటాయి. వాటికి సరిపడా కరెంటు అందించే డ్రైవర్ అనే డబ్బాలో కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంటుంది. సీలింగ్ పైన గాలి ఆడదు, ఆ వేడికి ముందు పోయేది అదే. అందుకే ఇకనుంచి డ్రైవర్ విడిగా మార్చుకోగలిగే లైట్లే తెప్పిస్తున్నాం. ధర కాస్త ఎక్కువే. బేరమాడండి, కాదనను, కానీ పెద్దగా తగ్గదు.

బండ్ల సంగతి వేరు. కొత్త వాటిలో చాలావాటికి కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్ వస్తోంది. పోతే మొత్తం యూనిట్టే మార్చాలి, ఆ పని షోరూముకే వెళ్తుంది. మాకు మిగిలింది పాత హాలోజన్ (ఫిలమెంట్ బల్బు) బండ్లు. "అన్నా, తెల్లగా కొట్టేది ఒకటి వెయ్యి" అంటూ స్పేర్ పార్ట్స్ కొట్లుండే జేసీ రోడ్డంతా తిరిగి మా దగ్గరికి వస్తారు. హాలోజన్ రిఫ్లెక్టర్‌ను, అంటే బల్బు వెనకుండే మెరిసే గిన్నెను, సన్నటి ఫిలమెంట్ ఎక్కడుంటుందో లెక్క చూసి తయారుచేస్తారు. అందులో ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు పుట్టే చోటు మారి, లో బీమ్ కూడా పైకి చిమ్ముతుంది. గోడకు ఎదురుగా బండి పెట్టి వేస్తే మీకే తెలుస్తుంది. చింతామణి మీదుగా మదనపల్లె వెళ్లే రోడ్డులో రాత్రిపూట ఎదురొచ్చేవాడి గతేంటి?

కాబట్టి రిఫ్లెక్టర్ హెడ్‌లైట్లకు ఎల్‌ఈడీ బల్బులు ఇక వెయ్యం. పసుపెక్కిన హెడ్‌లైట్ ప్లాస్టిక్ కవర్ పాలిష్ చేసి, బ్యాటరీ నుంచే కరెంటు అందేలా రిలే వైరింగ్ వేసి, అదే వాటేజీ హాలోజన్ పెడతాం. చాలా బండ్లకు అది సరిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి స్పేర్ పార్ట్స్ మీద జీఎస్టీ కూడా 28 నుంచి 18 శాతానికి దిగింది. క్యాబిన్ లైటు, నంబర్ ప్లేటు లైటుకు ఎల్‌ఈడీ కావాలంటే నిక్షేపంగా వేస్తాం. మిగిలిన హెడ్‌లైట్ ఎల్‌ఈడీ స్టాకు హోల్‌సేల్ వాళ్లకు తిరిగి పంపేశాం. "లోపల ఒకటి దాచి ఉంటావులే" అని మాత్రం అడగొద్దు.