తుపాను ముందు పాల ప్యాకెట్లు కాదు, బొరుగులు కొనండి

ఎడిటర్ గారికి నమస్కారం.

తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ పేపర్లలో, టీవీల్లో ఒకటే లైను కనిపిస్తుంది, "నిత్యావసర సరుకులు సిద్ధంగా పెట్టుకోండి" అని. ఏ సరుకులు పెట్టుకోవాలి, ఎన్నాళ్లకు సరిపడా పెట్టుకోవాలి, కరెంటు పోతే వాటిని ఏం చేసుకోవాలి, ఇవేవీ ఎవరూ రాయరు. దాంతో మా తిరుపతి జనం ఏం చేస్తారంటే ఆ సాయంత్రమే పరుగెత్తి పాల ప్యాకెట్లు, బ్రెడ్డు, దోసె పిండి ప్యాకెట్లు, రెండు కేజీల టమోటాలు, ఆదివారం అయితే ఒక కేజీ చికెన్ కూడా తెచ్చి ఫ్రిజ్‌లో కుక్కుతారు. అన్నీ కరెంటు మీద బతికే సరుకులే! తెల్లారేసరికి కరెంటు ఉండదు. కరెంటు లేని ఫ్రిజ్ అంటే తలుపున్న బీరువా, అంతే.

నేను బైరాగిపట్టెడలో చిన్న కర్రీ పాయింట్ నడుపుతాను. ఏ కూర ఎన్ని గంటలు నిలుస్తుంది, ఏది మధ్యాహ్నానికే జిగురొస్తుంది అనేది మాకు రోజూ ఉండే లెక్క, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. మన ప్రాంతానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు 18, 19 తేదీల్లో కపిలతీర్థం దగ్గర నీళ్లు ఎలా దూకాయో, ఘాట్ రోడ్లు, మెట్ల దారి ఎలా మూసేశారో, ఆ వెంటనే రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఎలా ఖాళీ చేయించారో ఎవరూ మర్చిపోలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. మళ్లీ రాదని ఎవరు చెప్పగలరు? వరద మన వీధిలోకి రాకపోయినా కరెంటు పోవడం, రోడ్లు మూసుకుపోవడం మాత్రం అందరికీ వచ్చేదే.

ముందు నీళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే జనం తిండి గురించి ఆలోచిస్తారు గానీ నీళ్ల గురించి ఆలోచించరు. బయటంతా వాన, ఇంట్లో కొళాయిలో చుక్క ఉండదు! అపార్ట్‌మెంట్లో సంపు నిండా నీళ్లున్నా మోటారు తిరగాలి గదా. ఆర్వో ఫిల్టరు కూడా కరెంటు లేకపోతే పనిచేయదు, క్యాన్ల ఆటో నీళ్లలో రాదు. కాబట్టి హెచ్చరిక వచ్చిన రోజే బిందెలు, కుక్కర్లు, పెద్ద గిన్నెలు అన్నీ నింపి మూతలు పెట్టాలి. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క వేసుకోండి, అంట్లకి, బాత్రూముకి వేరే. నీళ్ల మీద అనుమానం ఉంటే తేరనిచ్చి, గుడ్డలో వడగట్టి, బాగా తెర్లేదాకా కాచి, ఆ తెర్లడం ఒక నిమిషం ఆగకుండా సాగాక దించాలి. క్లోరిన్ బిళ్లలు ఇస్తే ఎన్ని లీటర్లకు ఒకటో దాని మీద చూసి వేసి అరగంట ఆగాలి. వేసిన వెంటనే తాగితే ప్రయోజనం లేదు. అంట్లు తోమడానికి నీళ్లు ఖర్చు పెట్టొద్దు, ఒక కట్ట విస్తరాకులు తెచ్చి పెట్టుకోండి, రాములవారి పెళ్లికేనా విస్తరాకులు?

ఇక ఫ్రిజ్. తలుపు తీయకుండా ఉంచితే కరెంటు పోయాక సుమారు నాలుగు గంటలు లోపల చల్లదనం ఉంటుంది. విడిగా ఉండే పెద్ద ఫ్రీజరు నిండుగా ఉంటే 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు పట్టు ఉంటుందంటారు గానీ సింగిల్ డోర్ ఫ్రిజ్ పైన ఉండే ఆ చిన్న గూడు మీద అంత నమ్మకం పెట్టుకోకండి. మన ఇళ్లలో జరిగేది ఇంకోటి: కరెంటు పోయిందా, పిల్లలు ఐదు నిమిషాలకోసారి తలుపు తీసి "చల్లగా ఉందా లేదా" అని చూస్తారు, చల్లదనమంతా అప్పుడే పోతుంది. ముందు రోజే నీళ్ల సీసాలు పైన కొంచెం ఖాళీ ఉంచి గడ్డకట్టించి పెట్టుకుంటే చల్లదనమూ నిలుస్తుంది, కరిగాక తాగడానికీ ఉంటాయి. ఇల్లు వదిలి వెళ్లేవాళ్లకి ఒక ఉపాయం. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి దాని మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చేసరికి అది పైనే ఉంటే సరే, గిన్నె అడుక్కి దిగి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు ఆ చికెన్, ఆ చేపలు పారేయండి, నోట్లో వేసుకుని రుచి చూసి తేల్చుకునే పని పెట్టుకోవద్దు. వాసన రాలేదు కాబట్టి బాగున్నట్టే అనుకోవడం మా కూరల వ్యాపారంలో కూడా చాలామంది చేసే పనే, అదే కొంప ముంచుతుంది.

కరెంటు పోయిన పూట తినే వరస ఇలా ఉండాలి: ముందు చికెన్, చేపలు, పాలు, తర్వాత దోసె పిండి, కూరగాయలు, చివరికి పొడి సరుకు. పాలు ప్యాకెట్లో పెట్టుకుని కూర్చోకుండా కాచి తోడు వేసేయండి, పెరుగు పులిస్తే మజ్జిగ చేసుకోవచ్చు. దోసె పిండి మరుసటి రోజుకు పులిస్తే ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తరిగి పొంగణాలు పోసుకోండి. కొబ్బరి చట్నీ మాత్రం ఆ పూటే అయిపోవాలి, మా అంగట్లో కూడా అన్నిటికంటే ముందు పోయేది అదే. తర్వాత పప్పు, సాంబారు. చింతపండు పడిన పులుసులు, నీళ్లు లేకుండా చేసిన వేపుళ్లు కాస్త ఎక్కువ నిలుస్తాయి, కానీ వాటినీ రెండో రోజుకు పెట్టమని నేను చెప్పను.

అన్నం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అన్నం ఏమీ కాదులే అని అందరికీ ఒక ధైర్యం, ఉదయం వండిన అన్నాన్ని మూతపెట్టి సాయంత్రం తాలింపు వేస్తే సరిపోతుందనుకుంటారు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది, దాని విత్తనాల్లాంటివి ఉడికినా చావవు. వెచ్చటి అన్నం గంటలకొద్దీ అలాగే ఉంటే అవి మళ్లీ పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాంతులు పట్టుకుంటాయి. వండింది రెండు గంటల్లో తినేయాలన్నది మామూలు రూలు, ఎండ కాలంలో మన రేణిగుంట వేడికి ఒక గంటే అనుకోండి. అందుకని కరెంటు లేనప్పుడు ఏ పూటకా పూట, ఎంత తింటారో అంతే వండాలి. "ఒకేసారి వండేస్తే గ్యాస్ కలిసొస్తుంది" అనే లెక్క ఇక్కడ పనికిరాదు, ఆసుపత్రి ఖర్చు ముందు గ్యాస్ ఖర్చు ఎంత?

మరి సద్దన్నం సంగతేంటి, మా అవ్వ తాతలు తినలేదా అని కొట్లాటకు వస్తారు కొందరు. సద్దన్నం వేరండీ. అన్నం చల్లార్చి, మంచి నీళ్లు పోసి, కాస్త మజ్జిగ కలిపి రాత్రంతా పెడితే పులుపెక్కుతుంది, ఆ పులుపులో చెడ్డ బాక్టీరియా అంత సులువుగా పెరగదు. ఊరికే వదిలేసిన అన్నం, పులిసిన అన్నం ఒకటి కాదు. అయితే పోసే నీళ్లే అనుమానంగా ఉన్న రోజుల్లో సద్దన్నం కూడా వద్దు, పసిపిల్లలకి, గర్భిణులకి అసలే వద్దు.

ఏం కొనాలంటే, మన సీమ అంగళ్లలో దొరికేవే చాలు. బొరుగులు, అటుకులు, వేయించిన పప్పులు, చెనక్కాయలు, బెల్లం, రాగి పిండి, పెసరపప్పు, పప్పుల పొడి, కారప్పొడి, ఊరగాయ, చింతపండు, ఉప్పు, నూనె, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉర్లగడ్డలు. వీటిలో వేటికీ ఫ్రిజ్ అక్కర్లేదు, సగానికి పైగా పొయ్యి కూడా అక్కర్లేదు. అటుకులు నీళ్లలో తడిపి ఊరగాయ కలిపినా, పెసరపప్పు నానబెట్టి వడపప్పు చేసినా కడుపు నిండుతుంది, కాకపోతే వాటికి పోసేది కాచి చల్లార్చిన నీళ్లే కావాలి. బొరుగుల్లో చెనక్కాయలు, పప్పుల పొడి, ఎర్రగడ్డ, నాలుగు చుక్కల నూనె పడితే మా ఇంట్లో అయితే ఎవరూ అన్నం అడగరు. మిక్సీ ఉండదు కాబట్టి పొడులు ముందే కొట్టి పెట్టుకోవాలి, లేదంటే అటక మీద రోలు దింపాలి. గుడ్లు అంగట్లో బయటే పెడతారు గదా, ఇంట్లో కూడా కొన్నాళ్లు బయట ఉంటాయి. పగుళ్లు లేనివి ఏరి తెచ్చుకుని తినే పూట ఉడకబెట్టుకోండి, ముందే ఉడికించి పెట్టుకోవద్దు. పాలకి బదులు పాల పొడి, లేదా డబ్బా ప్యాకింగులో వచ్చే పాలు, విప్పనంతవరకూ బయటే ఉంటాయి. తల్లిపాలు తాగే బిడ్డకి అవే ఇవ్వండి, పసిపిల్లల కోసమే అమ్మే పాల పొడి కలపాల్సి వస్తే కాచిన నీళ్లతో కలిపి సీసా మానేసి గిన్నె, చెంచాతో పట్టండి, సీసాని అన్ని నీళ్లతో కడగలేం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా కొన్ని ఉంచండి, లేకపోతే లీటరు కాచిన నీళ్లకి తలగొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు.

గ్యాస్ బుక్ చేస్తే రోడ్డు మూసుకుపోయినప్పుడు బండి రాదు, అందుకని అక్టోబరులోనే రెండో సిలిండరు నిండుగా ఉండేలా చూసుకోండి. ఒక్కటే ఉన్నవాళ్లు ఐదు కేజీల చిన్నది తీసుకోవచ్చు. ఇండక్షన్ పొయ్యి మీద మాత్రమే బతికే ఇళ్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి, వాళ్లకి చెప్పడానికి ఏం లేదు, పక్కింటివాళ్లతో మంచిగా ఉండండి. పప్పులు రాత్రి నానబెట్టి, కుక్కర్లో పులగం, పొంగలి లాంటి ఒక్క గిన్నె వంటలు చేసుకుంటే గ్యాస్ సగం మిగులుతుంది. సంగటి ఇంకా మేలు, చెనక్కాయల ఊరిబిండి ఉంటే కూరే అక్కర్లేదు. బొగ్గుల కుంపటి ఇంట్లో తలుపులు మూసుకుని పెట్టొద్దు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాన పడుతున్నా సరే వసారాలోనే. వీధిలో నీళ్లు పెరుగుతుంటే రెగ్యులేటరు ఆపి తీసేసి, సిలిండరుకు మూత బిగించి మేడ మీదికి చేర్చండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906 కి ఫోన్ చేయాలి, ఆ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది.

వరద నీళ్లు వంటింట్లోకి వచ్చిన వాళ్లతో ఈ మాట చెప్పడం కష్టమే. తడిసిన బియ్యం మూటని ఎండబెట్టి వాడుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ నీళ్లలో ఉండేది వాన ఒక్కటే కాదు, డ్రైనేజీ కూడా. బియ్యం, పిండి, పప్పులు, చివరికి మర మూత బిగించిన ఊరగాయ సీసా అయినా సరే, మునిగితే పారేయాల్సిందే, మర మూతల సందుల్లోంచి నీళ్లు పోతాయి. సీలు తీయని రేకు డబ్బాలు పగలకుండా ఉంటే సబ్బుతో కడిగి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి వాడుకోవచ్చు. స్టీలు గిన్నెలు కూడా అంతే, చెక్క కత్తిపీట, చెక్క గరిటెలు మాత్రం వద్దు. అంత పోగొట్టుకునే బదులు హెచ్చరిక వచ్చిన రోజే బియ్యం మూటని కింద నుంచి లేపి లాఫ్ట్ మీద పెట్టండి, గొల్లవానిగుంట, కొర్లగుంట వైపు కింది అంతస్తుల్లో ఉండేవాళ్లు ముఖ్యంగా.

మీ పేపర్‌కి నేను అడిగేది ఒక్కటే. హెచ్చరిక వచ్చాక కాదు, అక్టోబరు మొదటి వారంలోనే ఈ సంగతులన్నీ అర పేజీలో అచ్చు వేయండి, జనం కత్తిరించి వంటింటి గోడకు అంటించుకునేలా. పెద్ద డాక్టర్ల బొమ్మలు అక్కర్లేదు, ఏది ముందు తినాలి, ఏది పారేయాలి, నీళ్లు ఎంత కాచాలి అని ఉంటే చాలు. వార్డు సచివాలయాల వాళ్లు కూడా ఆ కాగితాన్నే వాడుకుంటారు.

ఇంకో మాట, భోజనం పొట్లాలు పంచే దాతలకి, స్వచ్ఛంద సంస్థల వాళ్లకి. మీ మంచితనానికి దండం, కానీ తెల్లవారుజామున వండిన సాంబారన్నం మధ్యాహ్నం మూడింటికి మా వీధిలో పంచారు ఒకసారి, వేడి వేడిగా పొట్లం కట్టడం వల్ల అది అప్పటికే పాడైంది, పిల్లలకి కడుపులో తిప్పింది. దూరం తీసుకెళ్లేటట్టయితే సాంబారన్నం, పెరుగన్నం మానేసి చింతపండు పులిహోర చేయండి, అది కూడా పొడిపొడిగా ఆరబెట్టి కట్టండి. అది కూడా ఆలస్యమయ్యేలా ఉంటే బొరుగులు, చెనక్కాయలు, అరటిపళ్లు, నీళ్ల సీసా చాలు. వండినది ఏదైనా సరే, పొట్లం మీద వండిన టైమ్, ఎన్ని గంటల్లోపు తినాలో పెన్నుతో రాసి ఇవ్వండి.

ఇట్లు,
కర్రీ పాయింట్ నడిపే ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.