జీవితకాల పురస్కారానికి పేరు సూచించేవాళ్లకు

అందరికీ నమస్కారం. అమెరికాలోని స్టేట్ లాటరీల డైరెక్టర్లలో ఎవరి పేరైనా పంపే ముందు ఇది చూడండి.

మొత్తం అమ్మకాల అంకె పెద్దగా కనిపిస్తుంది గానీ దానితో తేలేది తక్కువ. బహుమతులు, షాపుల కమీషన్, ఖర్చులు పోగా ఖజానాకు ఎంత చేరిందో రాయండి. స్క్రాచ్ టికెట్లలో బహుమతుల శాతం పెంచితే అమ్మకం పెరుగుతుంది, డాలరుకు మిగిలేది తగ్గుతుంది. పలు రాష్ట్రాలు కలిసి నడిపే జాక్‌పాట్ ఆటల్లో, 2012 జనవరిలో పవర్‌బాల్ టికెట్ 1 డాలరు నుంచి 2కి, 2025 ఏప్రిల్‌లో మెగా మిలియన్స్ 2 నుంచి 5కి పెరిగాయి. ఆ పెరుగుదలను డైరెక్టర్ ఖాతాలో వేయకండి. జాక్‌పాట్ ఎవరికీ తగలక వరసగా తర్వాతి డ్రాకు రోల్ అయి పెరిగిన ఏడాదీ అంతే. అందుకే అయిదేళ్ల సగటు తీయండి.

కొత్త లాటరీని నిలబెట్టడమే అసలు పరీక్ష. రెబెకా పాల్ హార్‌గ్రోవ్ ఫ్లోరిడా (1988), జార్జియా (1993), టెనెసీ (2004) మూడింటినీ మొదలుపెట్టారు. అంతకుముందు ఇల్లినాయ్ కూడా నడిపారు. అట్లాంటా మనవాళ్లకు తెలిసిన, కాలేజీ ఫీజులకిచ్చే హోప్ స్కాలర్‌షిప్ డబ్బు ఆ జార్జియా లాటరీదే. ఇలాంటి పేరుకు విశేషణాలెందుకు?

అంకెలన్నీ ఆడిట్ రిపోర్టులతో సరిచూసి, ఏ ఆర్థిక సంవత్సరమో పక్కనే వేయండి. చాలా రాష్ట్రాలకు అది జులైలో మొదలవుతుంది. క్యాలెండర్ ఏడాదితో కలిపితే లెక్క తప్పుతుంది.