మా సెంటర్‌లో పది సిట్టింగుల ప్యాకేజీ తీసేశాం

మెడనొప్పితో హన్మకొండలోని మా ఫిజియోథెరపీ సెంటర్‌కు వచ్చే అందరికీ చెబుతున్నా. ఈ నెల నుంచి ముందే డబ్బు కట్టించుకునే పది సిట్టింగుల ప్యాకేజీ ఉండదు.

కారణం దాచను. పోయిన ఏడాది కొత్తవాడ నుంచి జంపఖానాలు నేసే ఒక పెద్దమ్మ వచ్చింది. ఏళ్ల తరబడి మగ్గం మీద తల ముందుకు వంచి నేసీ నేసీ మెడ పట్టేసింది. పది రోజులు కాపడం, కరెంటు మిషన్ పెట్టాం. తగ్గిందని సంతోషంగా పోయింది. నెల తిరగకుండానే వచ్చి, "మగ్గం మీద కూసోంగనే మళ్ల అదే నొప్పి బిడ్డా" అంది. తప్పు నాదే. వ్యాయామాలు ఆఖరి రోజు ఐదు నిమిషాల్లో చూపించి పంపేశాను.

తల బరువు సుమారు 5 కిలోలు. అది భుజాల మీద నిలవకుండా ముందుకు జరిగితే, మెడ వెనక కండరాలు పొద్దంతా దాన్ని లాగి పట్టుకోవాలి. లోపల ముందువైపున్న కండరాలేమో పని తగ్గి బలహీనపడతాయి. మిషన్ కొన్నాళ్లు నొప్పి తగ్గిస్తుందేమో గానీ, వాటికి బలం తేలేదు.

అందుకే ఇప్పుడు మొదటి రోజే వ్యాయామం. గోడకు వీపు ఆనించి, చూపు నేరుగా పెట్టి, గదవను, అంటే గడ్డాన్ని, వెనక్కి జరపాలి. 5 సెకన్లు ఆపి వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు రెండు మూడు పూటలు. చాలామంది తల పైకెత్తేస్తారు. అలా కాదు, మెడ వెనక సాగినట్టు తెలియాలి. ఆ తర్వాత భుజం రెక్కలు దగ్గరికి లాగడం, ఛాతీ సాగదీయడం. తేడా తెలియాలంటే 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు. వారానికోసారి వచ్చి చూపించుకుంటే చాలు.

తల ముందుకున్న ప్రతి ఒక్కరికీ నొప్పి రావాలని లేదు. ఫోటోలో మెడ చూసుకుని టెన్షన్ పడే కాలేజీ పిల్లలూ, నొప్పి లేకపోతే మా ఫీజు మీకు అక్కర్లేదు. అరగంటకోసారి లేచి కదలండి. కానీ చేతిలో బలం తగ్గినా, నడకలో తూలినా, మూత్రం అదుపు తప్పినా మా దగ్గర ఆగకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పెద్దమ్మతో డబ్బు తీసుకోకుండా మళ్లీ మొదలుపెట్టాం. మగ్గంలో నూలు కండె మార్చినప్పుడల్లా గదవ వెనక్కి జరుపుతోంది. ఇప్పుడు పొద్దంతా నేయగలుగుతోంది.

ప్యాకేజీలో సిట్టింగులు మిగిలినవాళ్లు రసీదు తెండి. మిగిలిన డబ్బు వాపస్ ఇస్తాం.